తరువాత విప్పేవారికి

సంపూర్ణమ్మ చేతిసంచీలోంచి తీసి బల్ల మీద పెట్టిన పెట్టెని చూడగానే నాగేశ్వరప్రసాద్ ముఖం విప్పారింది. తన చేతి పెట్టె ఎక్కడ కనిపించినా అతనికి అంతే, అత్తారింటి నుంచి కూతురు వచ్చినంత సంబరం. ఆకుపచ్చ రంగు వేసిన రేకు పెట్టె, మూత మీద తెల్లటి అక్షరాలతో ‘గట్టు’ అని పేరు. ఏటికి గట్టు ఎలాగో మోటారుకి ఈ పెట్టె అలాగని తనే ఆలోచించి పెట్టుకున్న పేరు అది.

1998 మే నెల. రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక సందు సందంతా అప్పట్లో ఇలాంటి కొట్లే ఉండేవి. ఒకరు స్టెబిలైజర్లు చేసేవారు, ఒకరు ఎమర్జెన్సీ లైట్లు, ఒకరు ధాన్యంలో తేమ చూసే మీటర్లు. ముందు ఒక గది, వెనక ఒక గది, వెనక గదిలో సోల్డరింగు పొగ. పేరుకి కొట్లే గానీ ఎవరికి వారే పెద్ద కంపెనీ యజమానులు. బోర్డు మీద ‘ఇండస్ట్రీస్’ అని రాయించుకోని గుమ్మం ఒక్కటీ ఉండేది కాదు. ప్రతి గుమ్మంలోనూ ఒకే స్టేషను పెట్టుకున్న రేడియో మోగుతూ ఉండేది. సందు మొదట్లో పల్లవి విన్నవాడు ఏ తొందరా లేకుండా నడుచుకుంటూ పోతే సందు చివర ఆఖరి చరణం వినేవాడు. ఆ సందుని తలుచుకుంటే ఇవాళ్టికీ ముందు ఆ పాటే చెవిలో పడుతుంది.

ప్రసాద్ చేసేది ఆటో స్టార్టరు. బోరు మోటారుకి మూడు తీగల్లోనూ కరెంటు రావాలి. ఒక తీగలో రాకపోతే మోటారు మూలిగి మూలిగి కాలిపోతుంది. ఈ పెట్టె ఆ మూడింటినీ కనిపెట్టుకుని ఉండి, ఒకటి పోగానే మోటారు ఆపేస్తుంది. మళ్ళీ మూడూ వచ్చాక తొంభై సెకన్లు ఆగి, కరెంటు నిలకడగా ఉందని తేల్చుకుని అప్పుడు తనే మోటారు వేస్తుంది. వేసవిలో కరెంటు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాళ్ళకే తెలియని ఆ రోజుల్లో కడియం వైపు నర్సరీల వాళ్ళకి ‘గట్టు’ పెట్టె ఇంట్లో మనిషి కింద లెక్క.

ఏమైందని అడిగాడు. కరెంటు వచ్చినా మోటారు వెయ్యడం లేదని చెప్పింది సంపూర్ణమ్మ. ఆవిడకి కడియపులంకలో రెండెకరాల నర్సరీ ఉంది. భర్త పోయిన దగ్గర్నుంచి తనే చూసుకుంటోంది. జూన్‌లో లారీలకి ఎక్కించాల్సిన మామిడి అంట్లు పదివేలు ఎండకి నిలబడి ఉన్నాయి.

“పెట్టె లేకుండా డైరెక్టుగా వేసుకుందామంటే భయమండి. మొన్న మా పక్క తోటలో అలాగే వేస్తే మోటారు తగలడిపోయింది. ఎప్పటికన్నా వేస్తుందేమోనని నేను స్టార్టరు పక్కనే కుర్చీ వేసుక్కూచుంటున్నాను. మా మరిది చినబాబు తన మోటారు మీద ఒక పూట తడి ఇస్తున్నాడు గానీ, అది ఇద్దరికీ చాలదు కదండీ. ఇంకో మూడు రోజులిలా ఉంటే కట్టిన అంటు కట్టినట్టే ఊడిపోతుంది.”

మూడు కొట్లు తిరిగి వచ్చానని కూడా చెప్పింది. ప్రసాద్ గారి పెట్టె మేం ముట్టుకోం అన్నారట ఇద్దరు. మూడో కొట్టు బుల్లిరాజుది. ఆయనేమో, ముందు ప్రసాద్ గారి దగ్గరికే తీసుకెళ్ళండి అన్నాడట.

ముట్టుకోం అన్న మాటకి ప్రసాద్ లోపల్లోపల పొంగిపోయాడు. బుల్లిరాజు మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. వెటకారం కాకపోతే ఏంటి? ఆ సందులో ఐదు గుమ్మాల అవతల ఉంటాడు బుల్లిరాజు. ప్రసాద్ చేసిన ఎమర్జెన్సీ లైటు చూసే బుల్లిరాజూ ఒకటి చేశాడని తొమ్మిదేళ్ళ కిందట మాటామాటా అనుకున్నప్పటి నుంచి ఇద్దరి మధ్యా ‘గారు’లే తప్ప మాటలు లేవు.

సాయంత్రానికల్లా అయిపోతుందని చెప్పి సంపూర్ణమ్మని బస్సుకి పంపించి, ప్రసాద్ నాలుగు మరలూ విప్పాడు. లోపల బోర్డు, బోర్డు మీద గొంగళిపురుగుల్లా కాళ్ళున్న రెండు నల్లటి చిప్పులు, ఐసీలంటారు. మామూలుగా ఐసీ వీపు మీద దాని నంబరు అచ్చేసి ఉంటుంది. నంబరు తెలిస్తే ఏ మెకానిక్కయినా బజారులో అదే కొని వేసి బాగుచేస్తాడు, బుద్ధి వక్రిస్తే పెట్టె మొత్తానికి నకలు దింపేస్తాడు. అందుకని ఆ సందులో అందరూ నంబర్లు గరుకు కాగితంతో గీకేసి పైన నల్ల వార్నీషు పూసేవారు. ప్రసాద్ ఇంట్లో ఆ పని భార్య రత్నమాణిక్యానిది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూచుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, చింతపిక్కలు అరగదీసినట్టు ఒక్కొక్క ఐసీనీ అరగదీసేది. ఆవిడ కుడి చేతి బొటనవేలు నున్నగా మెరుస్తూ ఉండేది.

వార్నీషు గోకి, రెండో ఐసీ పోయిందని తేల్చుకుని, కాళ్ళు ఒక్కొక్కటే వేడి చేసి ఊడబీకి, డబ్బాలోంచి కొత్తది తీసి పెట్టాడు. పరీక్ష బోర్డు మీద ఎరుపు, పసుపు, నీలం బల్బులు మూడూ వెలిగించి తొంభై అంకెలు లెక్కపెట్టాడు. మోటారుని వేసే రిలే పట్టుకోలేదు. నూటయాభై దాకా లెక్కపెట్టాడు. అప్పుడొక్కసారి టకటకమని కొట్టుకుని ఊరుకుంది.

బోర్డు తిప్పి అడుగున చూశాడు. పెట్టె నంబరు 347 అని ఉంది. 1995 డిసెంబరులో చేసిన నలభై పెట్టెల్లో ఇది ఒకటి. ఎప్పుడూ వేసే ఐసీ ఆ నెల మద్రాసు నుంచి రాకపోతే, తనే రైలెక్కి వెళ్ళి, దొరికిన రకం తెచ్చి, దానికి తగ్గట్టు బోర్డు మీద గీతలు మార్చి చేసిన పెట్టెలవి. ఆ ఐసీ నంబరు ఏంటో పొడుగాటి పుస్తకంలో రాశాడు. పుస్తకం అటక మీద చెదలు తినేసింది. తినేసిన సంగతి ఏడాది కిందటే తెలుసు. తన పెట్టె పాడైతే కదా చూసుకోవడం అని ఊరుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం దాకా డబ్బాలో ఉన్న రకాలన్నీ వేసి చూశాడు. ఒకటి వేస్తే రిలే అసలు పలకలేదు. ఇంకొకటి వేస్తే మూడు సెకన్లకే పట్టుకుని వణుకుతోంది. ఊడబీకి, అతికించి, మళ్ళీ ఊడబీకేసరికి బోర్డు మీద రాగి గీతలు లేస్తున్నాయి. ఇంకో రెండుసార్లు ఇలాగే చేస్తే బోర్డే పోతుంది. తను చేసిన పెట్టె తన ముందే ఊరూ పేరూ చెప్పకుండా కూచుంటే ఎవరితో చెప్పుకుంటాడు? సంపూర్ణమ్మ ఎస్టీడీ బూతు నుంచి రెండుసార్లు ఫోను చేసింది. రెండోసారి ఏమీ అడగలేదు, ఆకులు వాలుతున్నాయండి అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఆ సమయంలోనే బుల్లిరాజు గుమ్మంలోకి వచ్చాడు. తొమ్మిదేళ్ళలో ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. చేతిలో జిరాక్సు కాగితాలున్నాయి. సందులో ఎనిమిది కొట్ల వాళ్ళూ కలిసి సంఘం పెట్టుకుందామని, ఆదివారం పదింటికి మొదటి మీటింగని కాగితంలో ఉంది. తలా కొంత వేసుకుని ఒక గది తీసుకోవడం, అందులో అందరికీ పనికొచ్చేలా త్రీఫేజు పరీక్ష బల్ల పెట్టడం, వారానికి రెండు రోజులు ఐటీఐ పిల్లలకి పని నేర్పడం, వేసవిలో నెలకోసారి నర్సరీల ఊళ్ళకి వెళ్ళి ఎవరి పెట్టె అయినా అందరూ కలిసి బాగుచెయ్యడం. చివర ఇంకొకటి ఉంది. ఇకమీదట ఎవరూ నంబర్లు చెరపకూడదు, ఎవరి సర్క్యూటు కాగితం వారు తెచ్చి ఆ గదిలో బీరువాలో పెట్టాలి.

ప్రసాద్ కాగితం చదివి బల్ల మీద బోర్లా పెట్టాడు.

“ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారండి పెద్దలు. దొంగ చేతికి తాళాలిచ్చి, బాబ్బాబు కాపలా కాయమంటే ఎలా?”

దొంగ ఎవరో అతను చెప్పలేదు, బుల్లిరాజు అడగలేదు. అతని చూపు ప్రసాద్ మీద లేదు. బల్ల మీద విప్పి ఉన్న ఆకుపచ్చ పెట్టె మీద, వణుకుతున్న రిలే మీద ఉంది. ఏదో అనబోయాడు. నోరు తెరిచి కూడా మానుకున్నాడు. ఆదివారం పదింటికండి అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

భోజనానికి రాకపోయేసరికి రత్నమాణిక్యం క్యారేజీ పట్టుకుని తనే కొట్టుకి వచ్చింది. ప్రసాద్ ముద్ద ఎత్తకుండా, ఆ డిసెంబరులో తెచ్చిన ఐసీలన్నీ నీ చేతి మీదుగానే వెళ్ళాయి కదా, ఒక్కదాని నంబరన్నా గుర్తులేదా అని విసుక్కున్నాడు.

రత్నమాణిక్యం గిన్నె మూత తీస్తూ అంది. “చెరపమన్నారు, చెరిపాను. చదవమని ఎప్పుడన్నా చెప్పారా?”

ఆవిడ కోపంగా అనలేదు. ఉన్నమాట అంది. అతను గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

ఆ పూట ఎందుకో అతనికి చిట్టియ్య గారు గుర్తొచ్చారు. కోటగుమ్మం దగ్గర చిట్టియ్య గారి రేడియో కొట్లో ప్రసాద్, బుల్లిరాజు ఒకే బల్లకి అటూ ఇటూ కూచుని పని నేర్చుకున్నారు. వాల్వు రేడియోలవి. స్విచ్చి వేశాక అది వేడెక్కి గొంతు విప్పేదాకా ముగ్గురూ చెవులు రిక్కించి ఊపిరి బిగపట్టేవాళ్ళు. ఏ రేడియో బాగుచేసినా చిట్టియ్య గారు చిన్న చీటీ మీద తారీఖు, ఏది పోయింది, ఏది మార్చారు, అంతా రాసి కింద సంతకం పెట్టి, మైదా జిగురుతో వెనక మూత లోపల అతికించేవారు. చీటీ చివర ఎప్పుడూ ఒకటే వాక్యం ఉండేది. ‘తరువాత విప్పేవారికి నమస్కారం.’

మన పని ఇంకొకడికి చెప్పడం ఏంటండి అని ఒకసారి అడిగాడు ప్రసాద్. చిట్టియ్య గారు కళ్ళజోడు పైకి తోసుకుని నవ్వారు. “రేడియో మనది కాదురా. రేపు ఇంకో ఊరు పోతుంది. అక్కడ విప్పేవాడు పాపం మళ్ళీ మొదటి నుంచీ వెతుక్కోవాలా?” అన్నారు. ఆ మైదా జిగురు వాసన, ఆ కొట్లో నీరెండ, బుల్లిరాజు తన టీలో సగం ఒంపి ఇచ్చే ఇత్తడి గ్లాసు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ప్రసాద్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ముద్ద మింగి మంచినీళ్ళు తాగాడు.

*

శనివారం పొద్దున్నే మీటరు, సోల్డరింగు గన్ను సంచీలో వేసుకుని కడియపులంక బస్సు ఎక్కాడు. చినబాబు పెట్టె కూడా ఆ డిసెంబరుదే అని సంపూర్ణమ్మ ఫోనులో చెప్పింది. నడుస్తున్న పెట్టె విప్పి, ఏ కాలుకి ఎంత వోల్టేజీ వస్తోందో కొలుచుకుంటే నంబరు దొరక్కపోదని అతని ఆశ.

కాలవ గట్టు పక్కన బస్సు దిగేసరికి అన్ని తోటల్లోనూ పైపులు పట్టుకుని ఆడవాళ్ళు తిరుగుతున్నారు, ఒక్క సంపూర్ణమ్మ తోటలో తప్ప. ఆవిడ స్టార్టరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉంది. కరెంటు ఉంది గానీ ఆ స్టార్టరుకి పెట్టె లేదు. ఎదురుగా నల్ల కవర్లలో మామిడి అంట్లు బారులు తీరి ఉన్నాయి. లేత ఆకులు కిందికి వేలాడుతున్నాయి. ఆవిడ ఒక కవరు తీసి అంటు కట్టిన చోట వేలితో నొక్కి చూపించింది. కొంచెం కదిలింది. ఇంకా రెండు రోజులు ఆగుతాయి, ఆ పైన నేను చెప్పలేనండి అంది. తిట్టి ఉంటే ప్రసాద్‌కి తేలికగా ఉండేది.

చినబాబు తన మోటారు షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ప్రసాద్ గోడకున్న పెట్టె మరలు విప్పుతుంటే అతను పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు, ఏదో చెప్పాలనుకుని మళ్ళీ ఊరుకున్నాడు. నాలుగో మర ఊడింది. మూత చేతిలోకి వచ్చింది.

మూత లోపల ఒక చీటీ అతికించి ఉంది.

‘12-4-97. రెండో ఐసీ పోతే మార్చాను. దీని నంబరు 4020. రిలే పాయింట్లు శుభ్రం చేశాను. సర్క్యూటు చాలా శ్రద్ధగా కట్టారు. బుల్లిరాజు. తరువాత విప్పేవారికి నమస్కారం.’

ప్రసాద్ రెండుసార్లు చదివాడు. మూడోసారి అక్షరాలు అలుక్కుపోయాయి. మూత పట్టుకునే షెడ్డు గుమ్మంలో కూచున్నాడు.

చినబాబు అప్పుడు చెప్పాడు. కిందటేడు ఏప్రిల్లో పెట్టె పాడైతే రాజమండ్రి వచ్చాడు. ప్రసాద్ కొట్టుకి తాళం ఉంది, తిరుపతి వెళ్ళారన్నారు. తోట ఎండిపోతోందని కాళ్ళావేళ్ళా పడితే బుల్లిరాజు తీసుకున్నాడు. “నాలుగు రోజులు కూచున్నారండి దాని ముందు. బాగుచేసి ఇచ్చేటప్పుడు మాత్రం, ప్రసాద్ గారితో అనకండి, నొచ్చుకుంటారు అన్నారు. అందుకని మా వదినకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదండి.”

ఏడాది దాటింది. ఏడాది నుంచి ‘గట్టు’ పెట్టె లోపల ఏముందో బుల్లిరాజుకి తెలుసు. దించదలుచుకుంటే ఈపాటికి కడియం అంతా అతని పెట్టెలే ఉండేవి. అతను ఆ ఎమర్జెన్సీ లైట్లు తప్ప ఇంకేమీ చెయ్యలేదు. అలాంటివాణ్ణి నిన్న తన గుమ్మంలో నిలబెట్టి దొంగ అన్నాడు తను. ప్రసాద్‌కి తల ఎత్తాలంటే సిగ్గేసింది. రత్నమాణిక్యం అన్నేళ్ళు అరుగు మీద కూచుని వేళ్ళు అరగదీసుకున్నది ఎవరి నుంచి దాచడానికో ఇప్పుడు తెలిసింది. బుల్లిరాజు దగ్గర దాగలేదు. దాగింది తన దగ్గరే.

తిరుగు బస్సు దిగి ప్రసాద్ తన కొట్టు తెరవలేదు. సందులో ఇంకో ఐదు గుమ్మాలు నడిచి బుల్లిరాజు మెట్లెక్కాడు. బుల్లిరాజు లైటు బిగిస్తున్నవాడల్లా తలెత్తి చూసి, చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

“4020 ఉందా?” అన్నాడు ప్రసాద్.

బుల్లిరాజు సొరుగు లాగి ఒక అగ్గిపెట్టె తీశాడు. దాని మీద పెన్నుతో ‘గట్టు’ అని రాసి ఉంది. లోపల దూది మీద నాలుగు ఐసీలున్నాయి.

“నీ పెట్టెలు ఈ వేసవికి ఇంకా వస్తాయనుకుని మద్రాసు నుంచి తెప్పించి ఉంచాను” అన్నాడు. తొమ్మిదేళ్ళ తరువాత ‘నువ్వు’ అన్నానని అతను గమనించినట్టు లేదు. ప్రసాద్ గమనించాడు.

“నిన్న మా కొట్లో చూసి కూడా ఎందుకు చెప్పలేదు?”

“నీ బల్ల ముందు నిలబడి, నీ పెట్టెలో ఏముందో నేను చెప్పడం ఏం బాగుంటుంది?”

ప్రసాద్ అగ్గిపెట్టె మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. “తెలిసిపోయాక నువ్వూ ఒక పెట్టె చెయ్యాల్సింది కదా.”

“నేను బాగుచెయ్యడానికి విప్పానురా,” అన్నాడు బుల్లిరాజు.

అంతే మాట్లాడుకున్నారు. ప్రసాద్ వెళ్ళి తన కొట్టు తెరిచి పెట్టె, పరీక్ష బోర్డు తెచ్చాడు. బోర్డు మీద లేచిపోయిన రాగి గీతల్ని బుల్లిరాజు సన్న తీగతో అతికిస్తుంటే ప్రసాద్ లైటు పట్టుకున్నాడు. ఐసీ పెట్టి, మూడు బల్బులూ వెలిగించి ఇద్దరూ మనసులో లెక్కపెట్టుకున్నారు. తొంభై దగ్గర రిలే ఒక్కసారి, ఒకే ఒక్కసారి గట్టిగా పట్టుకుంది. ప్రసాద్ ఒక చీటీ తీసుకుని తారీఖు, నంబరు, పేరు రాశాడు. చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ మాట రాయడానికి తను ఇంకా తగననిపించి, అక్కడికే మడిచి మూత లోపల అతికించాడు.

ఇద్దరూ బుల్లిరాజు స్కూటరు మీద వెళ్ళి, మూడింటికల్లా పెట్టె బిగించారు. నాలుగుంపావుకి కరెంటు వచ్చింది. సంపూర్ణమ్మ, చినబాబు, ప్రసాద్, బుల్లిరాజు నలుగురూ తొంభై సెకన్లు నిలబడ్డారు. మోటారు వేసుకుంది. గొట్టంలోంచి ముందు గాలి, తరువాత ఎర్రనీళ్ళు, తరువాత తెల్లనీళ్ళు వచ్చాయి. సంపూర్ణమ్మ స్టార్టరు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకెళ్ళి షెడ్డు వెనక పడేసి వచ్చి, పైపు అందుకుంది.

*

ఆదివారం మీటింగు బుల్లిరాజు మేడ మీద జరిగింది. ఎనిమిది మందీ వచ్చారు గానీ ఎనిమిది మందీ వట్టి చేతులతోనే వచ్చారు. సర్క్యూటు కాగితాలు మరిచిపోయామని ఒకరు, ముందు మిగతా వాళ్ళని పెట్టనివ్వండని ఒకరు. అందరికంటే పెద్దవాడు, తేమ మీటర్లు చేసే భీమరాజు, సంఘం మంచిదే గానీ ఆ బీరువా సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు. కాఫీలు అయ్యాయి. టేబుల్ ఫ్యాను అందరి ముఖాలూ వరసగా చూసుకుంటూ తిరుగుతోంది. పని అక్కడితో ఆగిపోయేలా ఉంది.

ప్రసాద్ లేచాడు. అతను అడ్డం చెబుతాడనే అందరూ అనుకున్నారు. కొంతమంది అందుకోసమే చూస్తున్నారు కూడా.

“నేను తేవడానికి ఏమీ లేదండి” అన్నాడు. “నా డిసెంబరు పెట్టెల్లో ఏముందో నాకే తెలియదు. నంబర్లు చెరిపేశాను, రాసిన పుస్తకం చెదలు తినేసింది. నా చేతి పెట్టె పెట్టుకుని రెండు రోజులు గుడ్డివాడిలా తడుముకున్నాను. కడియపులంకలో ఒక ఆడమనిషి తోట నా మూలంగా ఎండిపోబోయింది. ఆ నంబరు మీకు కావాలంటే బుల్లిరాజుని అడిగి రాసుకోండి. నేనూ అతన్నడిగే తెలుసుకున్నాను.”

కూచోబోయి మళ్ళీ నిలబడ్డాడు. “శుక్రవారం నేను అతన్ని ఒక మాట అన్నాను. అది తప్పు.”

బుల్లిరాజు తల వంచుకుని ఖాళీ కాఫీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాడు. తరువాత భీమరాజు భుజం మీద తువ్వాలు సర్దుకుని, అంత పెద్దమనిషీ నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టాడు.

“తొంభైమూడులో చేసిన మీటర్లు మూడు, రెండేళ్ళ నుంచి మా అటక మీదే ఉన్నాయండి. సామర్లకోట మిల్లు వాళ్ళకి ఇదిగో అదిగో అంటూ తిప్పుతున్నాను. దాంట్లో ఏం తగలేశానో నాకూ తెలియదు.”

దాంతో కట్ట తెగింది. స్టెబిలైజరు ఆయనకి తన పాత రకం గుర్తులేదు. ఇంకొకాయన చెరపడమే కాకుండా ఎవరన్నా విప్పుతారేమోనని తప్పుడు నంబరు అచ్చేయించి, తరువాత తనే అది నమ్మి అలాంటివే వంద కొన్నాడు. నవ్వి నవ్వి అందరికీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఏళ్ళ తరబడి ఒకరికొకరు భయపడి, అందరూ కలిసి దాచిపెట్టినది ఏంటో ఎవరికీ తెలియదని ఆ మేడ మీద తేలింది. ఒంటిగంటకి గది అద్దె మాట, బల్ల మాట, ఐటీఐ పిల్లల మాట అన్నీ ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం కడియపులంకలో మొదటి శిబిరం అనుకున్నారు. భీమరాజు అటక మీద మీటర్లు మూడూ ముందుగా ఆ బల్ల మీదికి రావాలన్నారు. బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చినప్పుడు, తాళం ఎందుకండి అన్నాడు ప్రసాద్.

ఇంటికి వెళ్ళేసరికి రత్నమాణిక్యం అరుగు మీద కూచుని ఉంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో కొత్తగా వచ్చిన ఐసీలు, చేతిలో గరుకు కాగితం. పక్కింటి రేడియోలో ఏదో పాత పాట వస్తోంది. ఒక ఐసీ అప్పుడే వేళ్ళ మధ్యకి తీసుకుంది.

ప్రసాద్ చెప్పులు విడవకుండానే ఆవిడ పక్కన కూచుని, చేతిలో గరుకు కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ ఏమన్నా తప్పు చేశానా అన్నట్టు చూసింది.

“దాని మీద ఏముందో చదువు” అన్నాడు.

రత్నమాణిక్యం ఐసీని కొంగుతో తుడిచి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కొక్క అంకే కూడబలుక్కుని చదివింది. నాలుగు. సున్నా. ఆరు. సున్నా. ప్రసాద్ చీటీ మీద రాశాడు. తారీఖు వేశాడు, పేరు రాశాడు. ఈసారి చెయ్యి ఆగలేదు.

ఆవిడ మెడ చాచి చూసింది. “ఆఖర్న ఎవరికండి నమస్కారం?”

“ఎవరో నాకూ తెలియదు” అన్నాడు ప్రసాద్. “ఎవరు విప్పితే వాళ్ళకి.”

రత్నమాణిక్యం పళ్ళెంలోంచి ఇంకో ఐసీ తీసి, నున్నబడిన బొటనవేలితో దాని వీపు మెల్లగా తుడిచి, వెలుతురుకి ఎత్తి చదవడం మొదలుపెట్టింది.